రోజు మన్నా, దాచిన మన్నా
ఇంటర్నెట్ రేడియోను వినుట, రికార్డు చేసుకొనుట గురించి కొన్ని మాటలు



ఒకప్పుడు మన పల్లెలలో దీపాలు పెట్టే వేళకు కొన్ని ఇండ్ల నుండి రేడియో ముల్లు త్రిప్పుతున్న చప్పుడు వినబడేది. గరగరల నడుమ నుండి ఒక తెలుగు గొంతు తేలివచ్చేది. ఇంటిల్లిపాదీ చాప మీద కూర్చొనేవారు. ప్రక్క ఇంటివారు వచ్చి అరుగు మీద చేరేవారు. ఏ గీత దగ్గర ముల్లు నిలిపితే వాక్యము వినబడుతుందో ఆ ఇంటి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొందరు పెద్దలు ఆ గీత దగ్గర ఎర్ర సిరాతో చుక్క పెట్టుకొనేవారు.

అలాంటి చుక్కలలో చాలావాటి మీద నేడు ఏ గొంతూ లేదు. సీషెల్స్ దీవుల నుండి 1970 మొదలుకొని మన దేశము వైపు సువార్త ప్రసారము చేసిన ఫెబా రేడియో 2003లో అక్కడి ప్రసారములను ఆపివేసినది. మనీలా నుండి అనేక ఆసియా భాషలతోపాటు తెలుగులో కూడా మాట్లాడిన రేడియో వెరితాస్ ఆసియా 2018లో షార్ట్‌వేవ్‌ను మానుకొని ఇంటర్నెట్‌కు మారినది. వార్తల కొరకు మన పెద్దలు చెవి ఒగ్గిన బి.బి.సి. హిందీ షార్ట్‌వేవ్ ప్రసారము కూడా 2020 జనవరి నెలాఖరుతో ముగిసినది.

కార్యక్రమములు మాత్రము ఆగిపోలేదు, దారి మార్చుకొన్నవి. అవి ఇప్పుడు ఫోనులోనికి, కంప్యూటరులోనికి ఇంటర్నెట్ ద్వారా వస్తున్నవి. ఈ నెల మేము ఆ క్రొత్త దారిని గురించి, ఆ దారిన వచ్చిన దానిని దాచుకొనే సాఫ్ట్‌వేరును గురించి వ్రాస్తున్నాము. మా చేత ఈ మాటలు వ్రాయించినవారు ఒక మామ్మగారు. కనుక ఆమెతోనే మొదలుపెడతాము.

“ఆ మాటను పట్టి ఉంచలేమా?”

డెల్టాలోని ఒక గ్రామములో ఎనభై దాటిన ఒక మామ్మగారి ఇంటికి మేము గృహ దర్శనమునకు వెళ్తుంటాము. తుంటి ఎముక విరిగిన నాటి నుండి ఆమె మందిరమునకు రాలేరు. కళ్లు మసకబారినందున పెద్ద అక్షరముల బైబిలు కూడా చదువలేరు. తలాపున ఉన్న పాత రేడియో మూగపోయి చాలా ఏండ్లయినది. మనుమడు ఒక ఆదివారము తన ఫోనులో తెలుగు క్రైస్తవ రేడియో ఒకటి పెట్టి వినిపించినప్పుడు ఆమె ఆనందమునకు అంతు లేదు.

కాని ఆ ఫోను మనుమనిది. అతడు తెల్లవారుజామున ఐదింటికే రొయ్యల చెరువుల పనికి బయలుదేరుతాడు. ఫోను అతని జేబులోనే వెళుతుంది. ఆమె కోరుకొనే వర్తమానము ఆరున్నరకు వస్తుంది. ఇంట్లో అలాంటి ఫోను మరొకటి లేదు.

“అయ్యగారూ, ఆ మాటను పట్టి ఉంచలేమా? వాడు రాత్రికొస్తాడుగా, అప్పుడు వింటాను” అని ఆమె మమ్మును అడిగారు.

ఆ దినమున మా యొద్ద జవాబు లేదు. “కనుక్కొని చెబుతాము మామ్మగారూ” అని ప్రార్థన చేసి వచ్చేశాము. తరువాత పట్టణములో చదువుకొంటున్న మా సంఘ యువకులను అడిగి, కొన్ని సాధనములను మేమే పట్టుకొని ప్రయత్నించి, తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. ఇలాంటి మామ్మలు, తాతలు మీ సంఘములలో కూడా ఉండియుంటారు.

ఇంటర్నెట్ రేడియో ఎలా పని చేస్తుంది?

మామూలు రేడియోలో ట్రాన్స్‌మిటరు తరంగములను విత్తువాడు విత్తనములు చల్లినట్లు చల్లుతుంది. పదిమంది పట్టుకొన్నా, పది లక్షల మంది పట్టుకొన్నా స్టేషనుకు ఖర్చు ఒకటే. ఇంటర్నెట్ రేడియో అలా కాదు. అది ఇంటింటికి పాలు పోసినట్లు ఉంటుంది. అక్కడి కంప్యూటరు గొంతును అంకెలుగా మార్చి, చిన్న చిన్న ముక్కలుగా కట్టి, అడిగిన ప్రతి ఫోనుకు వేరువేరుగా పంపుతుంది.

మన ఫోను ఆ ముక్కలను కొన్ని క్షణముల సేపు కూడబెట్టుకొని, ఆ తరువాత వరుసగా వినిపిస్తుంది. ఈ కూడబెట్టుటనే బఫరింగ్ అంటారు. అందుచేతనే ఇంటర్నెట్ రేడియో అసలు ప్రసారము కంటె కొంచెము ఆలస్యముగా వినబడుతుంది. అందుచేతనే మధ్యలో సిగ్నలు కాసేపు తప్పినా గొంతు వెంటనే ఆగిపోదు.

విన్న తరువాత ఆ ముక్కలు చెరిగిపోతాయి. రికార్డు చేసే సాఫ్ట్‌వేరు చేసేదల్లా ఒక్కటే: వాటిని చెరిగిపోనియ్యక, వచ్చిన వరుసలోనే ఒక ఫైలులో వ్రాసిపెట్టుట. మామ్మగారు అడిగిన “పట్టి ఉంచుట” అంటే ఇంతే.

దీని చరిత్ర పెద్దది కాదు. అమెరికాలో కార్ల్ మలముద్ అను ఆయన 1993లో ఇంటర్నెట్ ద్వారా మాటల కార్యక్రమములను అందించుట మొదలుపెట్టారు. 1994 నవంబరులో నార్త్ కరోలినా రాష్ట్రములోని డబ్ల్యు.ఎక్స్.వై.సి. అను విద్యార్థుల రేడియో స్టేషను తన ప్రసారమును ఇంటర్నెట్‌లో కూడా వినిపించినది. 1995లో రియల్ ఆడియో అను సాఫ్ట్‌వేరు వచ్చి, ఫైలు అంతా దిగే వరకు ఆగకుండా, వస్తుండగానే వినే వీలు మామూలు జనులకు కలిగించినది. మన దేశములో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందినది కూడా ఆ ఏడు ఆగస్టు 15వ తేదీననే. ఇక 1990ల చివరలో షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ అను సాఫ్ట్‌వేరులు రావడముతో ఒక కంప్యూటరు, ఒక మైకు ఉన్న ఎవరైనా స్వంతముగా రేడియో నడుపుకొనుటకు వీలు కలిగినది. ఈ చివరి సంగతిని గుర్తుంచుకొనండి. ముందు దానిని గురించి ఒక హెచ్చరిక చెప్పవలసియున్నది.

రికార్డు చేసే సాధనములు

మొదట ఒక మాట. చాలా క్రైస్తవ కార్యక్రమములను ప్రసారము చేసినవారే తరువాత దిగుమతి చేసుకొనుటకు ఉచితముగా ఉంచుతారు. కనుక మీరు వినే స్టేషను వారి యాప్‌లో డౌన్‌లోడ్ బొత్తాము ఉన్నదేమో ముందు చూడండి. ఉంటే మీకు వేరే సాఫ్ట్‌వేరు అక్కరలేదు. అది లేనప్పుడే ఈ క్రిందివి.

కంప్యూటరు ఉన్నవారికి వి.ఎల్.సి. సులువైనది. ఇది పారిస్ నగరపు ఒక ఇంజినీరింగు కళాశాల విద్యార్థుల పనిగా 1996లో మొదలై, 2001 నుండి అందరికి ఉచితముగా అందుతున్నది. అందులో మీడియా అను పట్టీలో “ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్” అను చోట స్టేషను చిరునామాను పెడితే రేడియో పలుకుతుంది. వ్యూ అను పట్టీలో “అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్” అను మాట మీద నొక్కితే క్రింద ఒక ఎర్ర గుండ్రని బొత్తాము కనబడుతుంది. దానిని ఒకసారి నొక్కితే రికార్డు మొదలవుతుంది. మరల నొక్కితే ఆగుతుంది. ఫైలు సాధారణముగా మ్యూజిక్ లేక వీడియోస్ అను ఫోల్డరులో ఉంటుంది. స్టేషను చిరునామా అంటే వారి వెబ్‌సైటు చిరునామా కాదు, గొంతు వచ్చే తిన్నని చిరునామా. కొన్ని స్టేషనులు దీనిని పి.ఎల్.ఎస్. లేక ఎం.3.యు. అను చిన్న ఫైలులో ఇస్తాయి. ఆ ఫైలును వి.ఎల్.సి.లో తెరిచినా చాలును.

రెండవది ఆడాసిటీ. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో పుట్టి 2000లో విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేరు ఇది. ఇది కంప్యూటరు స్పీకరు లోనికి వెళ్లే శబ్దమునే పట్టుకొనగలదు. కనుక చిరునామా తెలియని స్టేషనును కూడా రికార్డు చేయవచ్చును. ఇందులో టైమర్ రికార్డు ఉన్నది. ఆరున్నరకు మొదలై ఏడింటికి ఆగమని రాత్రే చెప్పి పెట్టవచ్చును. కాని కంప్యూటరు నిద్రపోకుండా అమర్చుకొనవలెను. రేడియో కూడా ఆ వేళకు పలుకుతూ ఉండవలెను. మధ్యలో వేరే చప్పుడు ఏది వచ్చినా అదియు కలిసిపోతుంది. ముందు వెనుకల ప్రకటనలను కత్తిరించి, సన్నగా ఉన్న గొంతును పెంచుకొనుటకు ఆడాసిటీ చక్కగా పనికివస్తుంది.

స్ట్రీమ్‌రిప్పర్ అను మరొక సాఫ్ట్‌వేరు పాటల స్టేషనుల నుండి వచ్చే పేర్లను చూచి, ఏ పాటకు ఆ పాటను వేరు ఫైలుగా కోసిపెడుతుంది. వర్తమానముల కొరకు దాని అవసరము లేదు. దానిని గురించి జాగ్రత్త కూడా అవసరము; ఎందుకో ముందు చెబుతాము.

పల్లెలో ఎక్కువ మందికి ఉన్నది ఫోనే. ఆండ్రాయిడ్ ఫోనులలో రేడియోడ్రాయిడ్ అను ఉచిత యాప్‌కు రికార్డు చేసే సదుపాయము కలదు. రికార్డు బొత్తాము ఉన్న యాప్‌లు ఇంకను ఉన్నవి. మామ్మగారి మనుమనికి మేము చూపినది ఈ మార్గమే. ఆరున్నరకు అతడు చెరువు గట్టున రేడియో పెట్టి, రికార్డు నొక్కి, ఫోనును జేబులో వేసుకొని మేత చల్లుకొంటాడు. రాత్రికి ఆ ఫైలును ఒక మెమరీ కార్డులోనికి మార్చి, సంతలో దొరికే చిన్న స్పీకరు పెట్టెలో పెడతాడు. ఆ పెట్టెకు ఇంటర్నెట్‌తో పని లేదు.

మొదటి వారములో రెండు చిక్కులు వచ్చినవి. మీకును రావచ్చును గనుక చెబుతున్నాము. ఒకటి, ఫోను బ్యాటరీ పొదుపు చేసుకొనుటకు యాప్‌ను పది నిమిషములకే మూసివేసినది. సెట్టింగులలో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపును తీసివేసిన తరువాత అది సరియైనది. రెండు, కొన్ని స్టేషనులు ఎం.పి.3 గాక ఎ.ఎ.సి. అను రూపములో వస్తాయి. మామ్మగారి పెట్టెకు అది అర్థము కాలేదు. అలాంటి ఫైలును కంప్యూటరులో వి.ఎల్.సి.లోనే “కన్వర్ట్” అను చోట ఎం.పి.3గా మార్చవచ్చును.

ఈ సాఫ్ట్‌వేరులను తయారుచేసినవారి స్వంత వెబ్‌సైటు నుండి, లేక ఫోనులోని అధికారిక యాప్ దుకాణము నుండి మాత్రమే తీసుకొనండి. ఉచితమైన దానికి డబ్బు అడిగే నకిలీలు, వైరసును వెంట తెచ్చే నకిలీలు కూడా ఉంటాయి.

ఖర్చు ఎంత?

ఇది ప్రతి ఇల్లాలును అడిగే ప్రశ్న. మాటల కార్యక్రమములకు సెకనుకు 64 కిలోబిట్ల వేగము చాలును. ఆ లెక్కన గంటకు సుమారు 29 మెగాబైట్లు అవుతుంది. దినమునకు అరగంట చొప్పున నెలంతా విన్నా 430 మెగాబైట్లకు కొంచెము ఎక్కువ, అంటే అర జి.బి.కి లోపే. స్టేషను 128 కిలోబిట్లలో పంపితే దీనికి రెట్టింపు. రికార్డు చేసినందుకు అదనముగా డేటా పోదు. ఒకసారి రికార్డు చేసినది ఎన్నిసార్లు విన్నా ఖర్చు లేదు.

మన చిన్ననాటి 90 నిమిషముల క్యాసెట్టును తలచుకొనండి. 16 జి.బి. మెమరీ కార్డులో 64 కిలోబిట్ల లెక్కన సుమారు 500 గంటల మాటలు పడతాయి. అంటే మూడు వందలకు పైగా క్యాసెట్లు గోటి మీద నిలిచే ముక్కలో ఇమిడినవన్నమాట. ఇది గొప్ప ఉపకారము. దీనిలోనే ఒక ఉరి కూడా ఉన్నదని మేము తరువాత తెలుసుకొన్నాము.

నలభై వర్తమానములు

రెండు నెలలైన తరువాత మేము మరల ఆ ఇంటికి వెళ్లాము. మనుమడు సంతోషముగా కార్డు చూపించాడు. “నలభై అయినాయి అయ్యగారూ” అన్నాడు. మేము “భేష్” అన్నాము. తరువాత మామ్మగారి వైపు తిరిగి “ఎలా ఉన్నవి మామ్మగారూ వర్తమానములు?” అని అడిగాము.

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. ఆమె విన్నవి ఐదో, ఆరో. అబ్బాయి రాత్రి అలసి వస్తాడు. ఫైలు కార్డులోనికి మార్చి, అన్నము తిని పడుకొంటాడు. “రేపు రెండు కలిపి పెడతాలే” అంటాడు. రేపటికి మూడవది చేరుతుంది. కోడలికి ఆ పెట్టె నొక్కుట రాదు. మామ్మగారి కంటికి ఆ బొత్తాములు ఆనవు.

“నాకు నలభై ఎందుకు నాయనా? ఇవాళ్టిది ఒక్కటి పెట్టు” అన్నారామె మనుమనితో.

మాకు సిగ్గు కలిగినది. ఎందుకనగా ఎక్కువ రికార్డు చేయమని అతనిని పురికొల్పినది మేమే. మా స్వంత కంప్యూటరులో కూడా అలాంటి ఫైలులు కుప్పగా ఉన్నవి. వాటిలో ఎన్నింటిని తెరిచి విన్నాము? దాచినప్పుడు విన్నంత తృప్తి కలుగుతుంది. అదే ఆ ఉరి. కొట్టులో ధాన్యము ఉన్నంత మాత్రాన కడుపు నిండదు గదా.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మేము నిర్గమకాండము 16వ అధ్యాయము చదివాము. అరణ్యములో ప్రజలు మన్నా కూర్చుకొన్న సంగతి అందరికి తెలిసినదే. అయితే ఆ అధ్యాయములో మన్నాను దాచుట మూడు విధములుగా కనబడుతున్నది. రేపటికి ఉండునో లేదో అని భయపడి కొందరు దాచారు. అది పురుగు పట్టి కంపుకొట్టినది. ఆరవ దినమున, మరునాడు దొరకదు గనుక, దేవుని ఆజ్ఞ చొప్పున రెండంతలు కూర్చి దాచారు, అది చెడిపోలేదు. రాబోవు తరములవారు చూచునట్లు ఒక పాత్రలో కొంత దాచారు. అది సాక్ష్యముగా నిలిచినది.

మన్నా ఒక్కటే. దాచిన కారణములు వేరు. రికార్డు చేయుటలో కూడా ఇదే భేదమని మాకు తోచినది. ఊరికే పోగుచేసుకొనుట మొదటిది. ఆ వేళకు వినలేనివాని కొరకు ఆ పూటది దాచి, ఆ దినముననే వినిపించుట రెండవది. మూడవ దానిని గురించి చివరలో చెబుతాము.

ఇప్పుడు ఆ ఇంట ఒక కట్టుబాటు ఉన్నది. కార్డులో ఏడు వర్తమానములకు మించి ఉండవు. ప్రతి ఫైలుకు తేదీయే పేరు. ఎనిమిదవది వచ్చినప్పుడు మొదటిది తీసివేస్తారు. రాత్రి భోజనమైన తరువాత ఒక్కటి మాత్రమే పెడతారు. మనుమడు పెట్టెలోని మొదలుపెట్టే బొత్తాము మీద ఒక పాత చొక్కా గుండీని అంటించాడు. మామ్మగారు వ్రేలితో తడిమి తామే నొక్కుకొంటారు.

పరులది ఏది, మనది ఏది?

రికార్డు చేయుట తప్పా అని మమ్మును కొందరు అడిగారు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టములో 39వ సెక్షను ప్రకారము, ఒక ప్రసారమును తన స్వంత ఉపయోగము కొరకు రికార్డు చేసుకొనుట, లేక నిజమైన బోధన, పరిశోధనల కొరకే రికార్డు చేయుట ప్రసారము చేసినవారి హక్కును మీరినట్లు కాదు. 52వ సెక్షను కూడా స్వంత ఉపయోగము కొరకైన న్యాయమైన వాడకమును అనుమతించుచున్నది. కనుక మామ్మగారి కార్డు విషయములో ఎవరును దిగులు పడనక్కరలేదు.

దాని ప్రతులు తీసి అమ్మినా, సంఘము పేరుతో యూట్యూబులో పెట్టినా అది వేరు సంగతి. ముఖ్యముగా పాటలు. పాట వ్రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు, వాయించినవారు ఉన్నారు. వారికి కుటుంబములు ఉన్నవి. రికార్డు బొత్తాము ఉన్న ఒక రేడియో యాప్ విషయములో పాటల కంపెనీలు కోర్టుకు వెళ్లగా, 2019లో ఇంగ్లండు హైకోర్టు ఆ రికార్డు సదుపాయము విషయములో హక్కుదారుల పక్షమున తీర్పు చెప్పినది. పాటలను కోసిపెట్టే సాఫ్ట్‌వేరును గూర్చి జాగ్రత్త అన్నది ఇందుకే.

మేము కూడా ఈ విషయములో నిర్దోషులము కాము. క్యాసెట్ల కాలములో ఒక గాయకుని పాటల క్యాసెట్టును పదుల కొలది ప్రతులు తీసి, మందిర నిర్మాణ నిధి కొరకు అమ్మాము. నిధి మంచిదే గదా అనుకొన్నాము. దేవుని ఇంటి గోడలోనైనను పనివాని కూలి ఇమిడియుండకూడదని అప్పుడు తోచలేదు. నేడు ఏ రికార్డునైనా పదిమందికి పంచదలచినప్పుడు ఆ స్టేషను వారికి ఒక ఉత్తరమో, ఫోను సందేశమో పంపి అనుమతి అడుగుతున్నాము. వర్తమానముల విషయములో చాలామంది సంతోషముగా ఇస్తారు.

ప్రతి గొంతూ కాపరి గొంతు కాదు

పాత రేడియోకు పెద్ద ట్రాన్స్‌మిటరు, లైసెన్సు, కోట్ల ఖర్చు కావలసియుండేది. మైకు ముందుకు వచ్చే బోధకుని వెనుక ఒక సంస్థ ఉండేది. ఇప్పుడు ఒక గదిలో కూర్చొని ఎవరైనా రేడియో నడపవచ్చును. దీని వలన మేలు కలిగినది. చిన్న సంఘములు కూడా తమ ఆరాధనను దూరదేశములో పనిచేసే తమ పిల్లలకు వినిపించుచున్నవి. గల్ఫులో ఉన్న కొడుకు తన ఊరి గుడి పాటను శుక్రవారము సెలవునాడు రికార్డులో వినుచున్నాడు. కీడు కూడా కలిగినది. వాక్యము కంటె డబ్బును ఎక్కువగా పలికే గొంతులున్నవి. మందులు మాని వేయమని రోగులకు చెప్పే గొంతులున్నవి.

బెరయ సంఘస్థులు పౌలు చెప్పిన దానిని కూడా లేఖనములతో సరిచూచుకొన్నారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము సాక్ష్యమిస్తున్నది. రికార్డు మనకు ఆ సదుపాయమునే ఇస్తుంది. ఆపి, వెనుకకు త్రిప్పి, బైబిలు తెరిచి, ఆయన చెప్పిన వచనము నిజముగా అలాగు ఉన్నదా అని చూడవచ్చును. సందేహము కలిగితే ఆ ఫైలును మీ కాపరికి వినిపించండి. ప్రత్యక్ష ప్రసారములో జారిపోయే మాట రికార్డులో జారిపోదు.

ఇంకొక మాట. నడువగలిగినవారు ఆదివారము ఆరాధన మాని రేడియో చాలుననుకొనకూడదు. స్పీకరు పెట్టె మీకు బల్ల ఇయ్యదు. జ్వరము వచ్చినప్పుడు మీ ఇంటికి రాదు.

పాత్రలోని మన్నా

దాచుటలో మూడవ విధము ఉన్నదని చెప్పాము. అమెరికాలో జె. వెర్నన్ మెగీ అను బోధకుడు బైబిలంతటిని వరుసగా వివరించే రేడియో కార్యక్రమమును 1967లో ఆరంభించారు. ఆయన 1988లో ప్రభువునందు నిద్రించారు. అయినను రికార్డులు ఉన్నందున ఆయన గొంతు నేటికిని వినబడుచున్నది. ఆ బోధ తెలుగుతో సహా వందకు పైగా భాషలలోనికి వెళ్లినది. అలాగే జాయ్ రిడర్‌హాఫ్ అను సహోదరి, హోండూరాస్ దేశములో సేవ చేసి, జబ్బుపడి స్వదేశమునకు తిరిగివచ్చి, 1939లో గాస్పెల్ రికార్డింగ్స్ అను పరిచర్యను ప్రారంభించారు. తాను నడిచి వెళ్లలేని చోటికి గ్రామఫోను పలక వెళ్లగలదని ఆమె నమ్మారు. చదువురానివారు తమ స్వంత భాషలో మరల మరల వినగలిగారు.

మన ఇండ్లలో కూడా అలాంటి పాత్ర ఒకటి ఉండవలసినది కాదా? మన సంఘ పెద్దల సాక్ష్యములు, మొదటి తరపు విశ్వాసులు పాడిన పాత కీర్తనల బాణీలు, మన తల్లి చేసిన ప్రార్థన: ఇవి ఏ స్టేషనులోను రావు. రేడియోను పట్టుకొనే ఆ ఫోనే వీటిని కూడా పట్టుకొనగలదు. తేదీ, పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టండి. ఒక ప్రతిని ఫోనులో, మరొక ప్రతిని వేరొక చోట ఉంచండి. ఫోను నీళ్లలో పడిన దినమున దాని విలువ తెలుస్తుంది.

మొన్న మేము వెళ్లినప్పుడు మామ్మగారి పెట్టె చుట్టు ఆరుగురు కూర్చొనియున్నారు. ప్రక్క ఇంటివారు వచ్చారు. కోడలు పిండి రుబ్బుట ఆపి గుమ్మములో నిలువబడినది. వర్తమానము అయిన తరువాత మామ్మగారు ప్రార్థన చేశారు. మనుమడు మెల్లగా ఫోను తీసి ఆమె దగ్గర పెట్టుట మేము చూచాము. కార్డులో ఏడుకు మించి ఉండకూడదని కట్టుబాటు గదా అని నవ్వుతూ అడిగాము.

“ఇది ఆ ఏడులోది కాదండీ” అన్నాడతడు.